నీళ్ల వెంట

గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకి ఎత్తంటే కాలవగట్టు. అంతకంటే ఎత్తు కావాలంటే డాబా ఎక్కుతారు. ఎక్కి చూస్తే మాత్రం ఏముంది, కనుచూపు మేర వరిచేలు, కొబ్బరి తలలు, అంతా ఒకటే మట్టం. అలాంటి చోట పుట్టి, అలాంటి చోటికే కోడలిగా వెళ్లిన వీరవేణి ఇప్పుడు మారేడుమిల్లికి అవతల, జీలుగుల కొండ నెత్తిమీద, అద్దె బొలెరోలో కూర్చుని ఉంది. ఆమె భర్త హరిబాబు నిన్న ఉదయం ఈ కొండమీదే తప్పిపోయాడు.

ఆ తప్పిపోవడమైనా ఎంత తేలిగ్గా జరిగిపోయిందో! కోతలయ్యాయి, ధాన్యం తోలేశారు, ద్రాక్షారామం చుట్టుపక్కల స్నేహితులంతా కలిసి రెండు బళ్లు మాట్లాడుకుని మబ్బులు చూడ్డానికి బయల్దేరారు. ఈమధ్య మనవాళ్లకి ఇదొక పిచ్చి పట్టుకుంది. తెల్లారేసరికి కొండెక్కాలి, కాళ్ల కింద మబ్బులు పెట్టుకుని ఫోటో దిగాలి. దిగారు. హరిబాబు చాటుకని గడ్డిలోకి నడిచాడు, ఇంతలో మంచు కమ్మేసింది. ముందు బండివాళ్లు వెనక బండిలో ఉన్నాడనుకున్నారు. వెనక బండివాళ్లు ముందు బండిలో ఉన్నాడనుకున్నారు. ఘాట్‌రోడ్డు దిగి, హోటల్ దగ్గర ఆగి, ఇడ్లీలు చెప్పాక గాని మనిషి తక్కువయ్యాడని ఎవరికీ తట్టలేదు.

ఈలోగా అతని ఫోన్ కలిసింది ఒక్క వీరవేణికే.

"వేణీ, మంచులో దారి తెలీట్లేదే. వీళ్లెవరూ పలకట్లేదు."

ఆమె అప్పుడు పొయ్యి దగ్గరుంది. కంగారు పడలేదు. "నీళ్ల చప్పుడేమైనా వినబడుతోందాండీ?"

"ఆఁ, కిందెక్కడో పారుతున్నట్టే ఉంది."

"అయితే ఆ నీళ్ల వెంట నడవండి. ఏదో ఊరొచ్చేస్తుంది."

"సరే" అన్నాడు. అంతలో ఫోన్ కట్టయింది. మళ్లీ కలవలేదు.

డెల్టాలో ఎవర్ని అడిగినా ఈ మాటే చెబుతారు. కాలవకి గట్టుంటుంది, గట్టుమీద బాట ఉంటుంది, బాట చివర ఊరుంటుంది. తీర్థంలో తప్పిపోయిన పిల్లలూ, పొరుగూళ్లో తాగి తూలుకుంటూ వచ్చే పెద్దలూ ఆ ధైర్యంతోనే ఇళ్లకి చేరతారు. పక్కింటి నాగదుర్గ కూడా విని, "మంచి మాట చెప్పావొదినా. మధ్యాహ్నానికల్లా ఏదో ఊళ్లో తేల్తారులే" అంది. ఆ మాట నమ్మి వీరవేణి నిన్న మధ్యాహ్నం కడుపునిండా అన్నం కూడా తింది.

ఈ ఉదయం బావగారు తాతాజీతో కలిసి ఘాట్‌రోడ్డు ఎక్కుతుంటే ఒక మలుపులో డ్రైవరు బండి నెమ్మది చేశాడు. పక్కన పెద్ద బండమీంచి నీళ్లు దూకుతున్నాయి. కింద జనం ఫోన్లు పైకెత్తి పట్టుకుని నవ్వుతున్నారు. జలపాతం ఆమె ఎరగనిదేమీ కాదు, సినిమాల్లో బోలెడు చూసింది. కాని పైన ఆ నీళ్ల పక్కనే నడుచుకుంటూ వచ్చే మనిషి గతేమిటని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాల్సిన పనీ పడలేదు. ఇప్పుడు ఆలోచించింది. అప్పట్నుంచీ ఆమెకి భయం లేదు, ఏడుపు లేదు. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుందే, అలా మనిషంతా తిమ్మిరెక్కి ఉంది.

కొండమీద వెతుకుతున్నవాళ్లకి పెద్ద ఫారెస్టు ఆఫీసరు జయపాల్. దారి చూపించేది ఈ కొండల్లోనే పుట్టిన చిట్టియ్య. నిన్న సాయంత్రం వరకూ వెతికారు, పొద్దున్నే మళ్లీ మొదలెట్టారు.

"దారి తప్పినోళ్లు పైకే పోతారండి" అన్నాడు చిట్టియ్య. "ఆకాశం కనబడే చోటికి. ఫోను పలికేదీ అక్కడే. అందుకే నెత్తులన్నీ చూసుకొస్తన్నాం."

తాతాజీ "ఆయ్, ఆయ్" అంటూ ప్రతి మాటకీ తలూపుతున్నాడు. కొండ సంగతి ఆయనకి మాత్రం ఏం తెలుసు? వీరవేణి వైపు తిరిగి, "ఫోన్లో ఇంకేమైనా అన్నాడామ్మా వాడు?" అని అడిగాడు.

"దారి తెలీట్లేదన్నారండి, బావగారూ."

అంతే చెప్పింది. పోలీసులకీ అంతే చెప్పింది. మిగతాది ఎవరికీ చెప్పలేదు. తండ్రి పోయాక తమ్ముణ్ని చేతులమీద పెంచినవాడు తాతాజీ. ఆ తమ్ముణ్ని ఎటు పంపించిందో ఆయన మొహం చూసి చెప్పడం ఎలా? చెబితే నేనే చంపినట్టవుతుంది. చెప్పకపోతే వీళ్లు నెత్తులమీదే తిరుగుతూ ఉంటారు. ఒకవేళ మా ఆయన ఎక్కడో కాలు విరిగి, ప్రాణాలతో పడి ఉంటే? ఈ రెండు ఆలోచనలూ ఆమె తలలో పక్కపక్కనే కూర్చున్నాయి. దేనికీ ఆమె లొంగడం లేదు.

కూర్చోలేక బండి దిగింది.

కొండ నెత్తిమీద చెట్టన్నది లేదు. మోకాళ్ల ఎత్తు గడ్డి, అదీ ఎండి పసుపుబారి, గాలికి ఒకే వైపు వాలిపోతోంది. గడ్డిలోంచి నల్లటి బండలు అక్కడక్కడా పైకి లేచి ఉన్నాయి. ఇటు కొండ, దాని వెనక కొండ, దాని వెనక నీలంగా ఇంకోటి, ఆపైన ఆకాశమో కొండో తెలియనంత పలచగా మరోటి. మడతల్లో మాత్రం అడవి చిక్కగా ఉంది. గట్టు లేదు, సరిహద్దు రాయి లేదు, ఇది ఫలానా వాళ్లదని చెప్పడానికి ఒక్క గుర్తు లేదు. చూపు ఎక్కడ ఆపుకోవాలో ఆమెకి తెలియలేదు.

నాలుగడుగులు దిగేసరికి కాలికి తడి తగిలింది. వంగి చూసింది. గడ్డి వేళ్ల కిందనుంచి నీళ్లు ఊరుతున్నాయి. కొంచెం దిగువన జానెడు ధార అయ్యాయి. ఇంకొంచెం దిగువన రెండు ధారలు కలిసి, బండల మధ్య చప్పుడు చేసుకుంటూ చెట్లలోకి పోతున్నాయి.

వాళ్ల ఊళ్లో నీళ్లకి చప్పుడుండదు. కాలవ లాకుల దగ్గర ఎవరో వదిలితే వస్తాయి, వంతు ప్రకారం చేలోకి మళ్లుతాయి, ఎవరో కట్టేస్తే ఆగిపోతాయి. మనిషి కోసం పారే నీళ్లు అవి. ఇక్కడ వీటిని వదిలినవాడు లేడు, ఆపేవాడు లేడు. ఈ నీళ్లకి ఏ ఊరితోనూ పని లేదు. అంత పెద్ద కొండ చూసినా అర్థంకానిది వీరవేణికి ఆ జానెడు ధార చూశాక అర్థమైంది. వెనక్కి తిరిగి పైకొచ్చింది.

"బావగారూ, ఆయన పైకి వెళ్లుండరండి. నీళ్ల వెంట వెళ్లుంటారు. నేనే వెళ్లమన్నాను."

చిట్టియ్య జయపాల్ మొహం చూశాడు.

"ఈ వాగు ఏ ఊరికి పోతుందండీ?" అని అడిగింది వీరవేణి. జవాబు తెలిసే అడిగింది.

"ఊరేం లేదమ్మా" అన్నాడు చిట్టియ్య మెల్లిగా. "అడివిలో చానా దూరం సాపుగానే పోద్ది. ఆనక బండమీంచి పడిపోద్ది."

జయపాల్ మనుషుల్ని పిలిచాడు. తాళ్లు తీసుకుని అందరూ వాగు వెంట చెట్లలోకి దిగారు. వీళ్లిద్దర్నీ రావద్దన్నారు. డ్రైవరు ఎక్కణ్నుంచో టీ తెచ్చిచ్చాడు. తీపి ఎక్కువైందనుకుంటూ వీరవేణి మొత్తం తాగింది. చీర కుచ్చిళ్లకి పట్టుకున్న గడ్డిముళ్లు ఒక్కొక్కటే తీసి పారేసింది. కొండమీద ఎండ బాగా పైకొచ్చినా చలి పోలేదు.

చాలాసేపటికి చిట్టియ్య ఒక్కడే పైకొచ్చాడు. రావడంతోనే తలగుడ్డ విప్పి చేత్తో పట్టుకున్నాడు. ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు.

"నీళ్ల అంచునే నడిచాడండి" అన్నాడు తాతాజీతో. "బురదలో అడుగులు అగపడతన్నాయి. మజ్జిలో మా పోడు చేలకెళ్లే బాట ఒకటి అడ్డమొచ్చిద్ది, అది పడితే గూడెం దగ్గరే. బాట దాటాడుగానీ దాన్ని పట్టలేదు, మళ్లీ నీళ్లమ్మటే పోయాడు. చివర్న బండ పాచిపట్టి ఉందండి."

తాతాజీ గడ్డిలో కూలబడిపోయాడు. ఊళ్లో పదిమందికీ తీర్పులు చెప్పే పెద్దమనిషి, తమ్ముడి పేరు పిలుచుకుంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వీరవేణి పక్కనే నిలబడింది. ఆయన తిడితే బాగుండుననుకుంది. లేచి చెంపమీద ఒకటి కొట్టినా బాగుండును. ఆయన కండువాతో మొహం తుడుచుకుని తలెత్తాడు.

"నీ తప్పేం లేదమ్మా. నాకు ఫోన్ చేసినా నేనూ అదే చెప్పేవాణ్ని. మన ఊళ్లో ఎవరైనా అదే చెప్తారు."

నిజమే చెప్పాడు. మంచివాడు కాబట్టి చెప్పాడు. ఆ మాట ఆమె దగ్గరిదాకా వచ్చి ఆగిపోయింది.

"అది కాదండి, బావగారూ" అంది. గొంతు మామూలుగానే ఉంది. "పెళ్లయిన దగ్గర్నుంచీ మీ తమ్ముడుగారు నా మాట ఒక్కటీ విన్లేదండి. తోటకూర తెమ్మంటే బెండకాయలు తెచ్చేవారు. జ్వరంగా ఉంది, చేలోకి వెళ్లొద్దంటే వెళ్లేవారు. ఈ కొండకీ వద్దన్నానండి. నవ్వేసి బండెక్కారు."

ఆగింది. చీర కుచ్చిళ్లలో మిగిలిన గడ్డిముల్లు ఒకటి తీసి పారేసింది.

"ఇదొక్కటే విన్నారండి. బాట కనబడినా పట్టుకోలేదంట, విన్నారుగా."

తాతాజీ తల దించుకున్నాడు. కింద అడవిలో హరిబాబుని మోసుకురావడానికి వెదురు నరుకుతున్న చప్పుడు మొదలైంది.