బోసి గోడలు

కాంట్రాక్టరు మొహాపీ, తడిగోడ మీద గీతలు గీస్తున్న ముసలమ్మ మాంఫో చేతిలోంచి ఫోర్కు లాక్కుని గడ్డివాము అవతలికి విసిరేశాడు.

"వేళ్లతో గీయమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు? వీళ్లు విమానాలెక్కి వచ్చింది నీ బజారు ఫోర్కు చూడ్డానికా? ఫోటోలో వేళ్లు పడాలి, వేళ్లు!"

వెనక పద్దెనిమిది మంది దొరలూ దొరసానులూ కెమెరాలు ఎత్తిపట్టుకుని ఉన్నారు. అతనేమన్నాడో వాళ్లకు అర్థం కాలేదు. ముసలమ్మతో వేళాకోళమాడుతున్నాడనుకుని నవ్వారు.

మాంఫోకు డెబ్బై నాలుగేళ్లు. కీళ్లనొప్పులతో వేళ్లు కొంకర్లు పోయాయి. ఇరవయ్యేళ్లుగా తడిగోడ మీద ఆమె ఫోర్కుతోనే దుక్కి చాళ్లలాంటి గీతలు గీస్తోంది. ఆమెను చూసి హా సెఫిరి అనే మా ఊళ్లో ఆడవాళ్లంతా ఫోర్కులు పట్టారు. అది సంప్రదాయం కాదని మొహాపీ తేల్చాడు. రాజధానిలో చదివి, రాజధానిలోనే బొజ్జ పెంచి, మూడేళ్ల కింద ఈ కొండ మీద లాడ్జి కట్టడానికి వచ్చిన మనిషి. మన సంప్రదాయం ఏమిటో మనకు కాంట్రాక్టరు చెప్పాలి మరి!

మాంఫో కోడలి పేరు మాసెల్లో. మట్టి బకెట్టు పట్టుకుని పక్కనే ఉంది. పొద్దున ఆ మట్టి మీద పేరుకున్న మంచుపొరను ఆమే పిడికిలితో పగలగొట్టింది. జూలై నెల అది, మాకు నడి చలికాలం. జూలైలో ఈ కొండల్లో బుర్ర ఉన్న ఆడది ఎవతీ గోడ అలకదు. తడిమట్టి రాత్రికి గడ్డకట్టి తెల్లారేసరికి పెచ్చులుగా రాలిపోతుంది. అలికేది ఎండ ముదిరాక, వానలకు ముందు, క్రిస్మస్‌కు ఇల్లు ముస్తాబు చేసేటప్పుడు. కానీ దొరలకు వేసవి సెలవులు జూలైలోనే వస్తాయి. వాళ్ల సెలవుల కోసం మన ముసలమ్మ మంచులో చెయ్యి పెట్టాలి. బస్సు వస్తే అలకాలి, గీయాలి. ఇంకో బస్సు వస్తోందంటే తుడవాలి. మళ్లీ మొదలు. ఆ రోజు అది మూడో బస్సు.

మాంఫో బకెట్లో చెయ్యి ముంచి, వంకర వేళ్లను గోడకు ఆనించింది. గీత సగంలో చెయ్యి వణికి పక్కకు జారింది. "ఆహా!" అన్నారు దొరలు. కెమెరాలు టకటకలాడాయి. ఎద్దు పుండు కాకికి నొప్పా?

మాసెల్లో బకెట్టు పట్టుకుని చూస్తూ నిలబడింది. బస్సు వెళ్లాక గడ్డివాము వెనక వెతికి, ఫోర్కు తెచ్చి, కంబళి మడతలో దాచుకుంది. ఆ పూట తాను మూగదానిలా నిలబడ్డ సంగతి ఆమెను తర్వాత ఎన్ని రోజులు తిన్నదో ఆమెకే తెలుసు.

నాలుగు రోజులకు మాంఫోకు రొమ్ము పట్టేసింది. ఆస్పత్రి లోయలో ఉంది. మాసెల్లో లాడ్జికి పరుగెత్తి జీపు అడిగింది.

"దగ్గుకు జీపా?" అన్నాడు మొహాపీ. "అది అతిథుల జీపు. సీట్లన్నీ మట్టి చేస్తారు మీరు."

ఏ మట్టి చూపించి బస్సులు నింపుతున్నాడో ఆ మట్టే అతని సీటుకు పనికిరాలేదు. ముసలమ్మను గాడిద మీద కూర్చోబెట్టి దించుతుంటే దారిలోనే ప్రాణం పోయింది. అది సోమవారం.

మంగళవారం మొహాపీ ఎద్దును తోలుకొచ్చాడు, దినానికి కోసుకోమని. చంపినవాడే పాడె మోయడానికి వచ్చాడు. వెంట ఊరి నాయకుడు మఫిసా ఉన్నాడు. అతని ఒంటి మీద లాడ్జివాళ్లు ఇచ్చిన కొత్త కంబళి ఉంది.

"శనివారం పెద్ద బస్సులు మూడు వస్తున్నాయి," అన్నాడు మొహాపీ. "విదేశీ టూరు కంపెనీల వాళ్లు. వాళ్లకు ఊరు నచ్చితే పదేళ్ల పని. కాబట్టి గురువారమే పూడ్చేయండి. ఇంకో మాట. మీకేదో గోడలు తుడిచే ఆచారం ఉందట కదా. అది సీజన్ అయ్యాక చేసుకోండి."

మన ఊళ్లో ఇల్లాలు పోతే ఆ ఇంటి గోడల మీది గీతలు తుడిచేస్తారు. నెల తిరిగేదాకా గోడ బోసిగా ఉంటుంది. ఆ తర్వాత, పోయినామె దగ్గర చెయ్యి తిప్పడం నేర్చుకున్నవాళ్లు వచ్చి కొత్త గీతలు పెడతారు. గీతలున్న గోడ వెనక ఏడవడం కన్నా సిగ్గుమాలిన పని ఇంకొకటి లేదు మాకు.

"శవం లేచిన ఇంటికి పండగ గోడలా?" అంది మాసెల్లో.

మఫిసా గొంతు సవరించుకున్నాడు. "చూడమ్మా. నీ మొగుడు గనుల్లో ఊపిరితిత్తులు పోగొట్టుకుని చచ్చాడు. కొడుకు ఎక్కడున్నాడో జాడ లేదు. నీ పొలం నా మాట మీద నిలబడి ఉంది. గోడ తుడిచావంటే ఆ పొలం ఇంకొకడు దున్నుతాడు. తర్వాత నన్ననకు."

పొలం ఇచ్చి కాపాడాల్సిన నాయకుడే ఆ మాట అన్నాడు. కంచె చేను మేయడమంటే వేరే ఏముంది? మాసెల్లోకు ఉన్నదల్లా ఆ పొలమే. ఆ జొన్నలే ఏడాది తిండి. ఎద్దును మాత్రం ఆమె ముట్టుకోలేదు. అది వాకిట్లో కట్టేసిన చోటే ఉండి అరుస్తూ ఉంది.

గురువారం మాంఫోను పూడ్చారు. రోడ్డు పొడుగునా ఉన్న ఊళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చారు. మట్టి వేసి, మాసెల్లో ఇంటి గోడకేసి చూసి వెళ్లారు. ఆ చూపులకు మాసెల్లో తల ఎత్తలేకపోయింది.

ఊళ్లో గుసగుసలు మొదలయ్యేసరికి శుక్రవారం పొద్దున మఫిసా ఊరి సభ పిలిచాడు. మగవాళ్లు బండల మీద, ఆడవాళ్లు నేల మీద కూర్చున్నారు. మొహాపీకి మాత్రం ప్లాస్టిక్ కుర్చీ వేశారు. టూరిస్టులు వచ్చినప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు దాచాలని ఊరికి రూలు పెట్టింది అతనే. సెల్‌ఫోన్లు పెట్టెల్లో పెట్టాలి, సోలారు పలకల మీద గోనెసంచి కప్పాలి, పిల్లలు బూట్లు విప్పాలి. మనం ఎంత బీదగా కనిపిస్తే అతను అంత బాగుపడతాడు.

"ఒక్క ఇంటి కోసం ఊరి నోట్లో మట్టి కొడతారా?" అన్నాడు మఫిసా. "అలకగానే పండగ కాదు, తుడవగానే దుఃఖమూ కాదు. దుఃఖం గుండెలో ఉండాలి."

"నీ గుండె కొత్త కంబళి కింద వెచ్చగా ఉన్నట్టుంది," అంది మాథాబో. ఆమె నోటికి ఊళ్లో కుక్కలు కూడా భయపడతాయి.

కొందరు నవ్వారు. లాడ్జిలో పక్కలు సర్దే పులానే లేచింది. "నవ్వడం తేలికే అత్తా. నా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ లాడ్జి వల్లే. వాళ్లు వెళ్లిపోతే నేను సరిహద్దు దాటి ఎవరింట్లో అంట్లు తోమాలి?"

"వింటున్నారా? చదువుకున్న పిల్ల," అన్నాడు మొహాపీ.

గనుల్లో ముప్పై ఏళ్లు చేసి, ఊపిరి ఈలలు వేస్తుంటే తిరిగొచ్చిన ఖ్వబానే కర్ర ఊతంగా లేచాడు. "గనుల్లోనూ ఇదే చెప్పేవారు మాకు. సమ్మె చేస్తే గని మూసేస్తాం, ఆకలితో చస్తారు అని. మేం సమ్మె చేశాం. గని మూతపడలేదురా. బంగారాన్ని గని యజమాని తన చేత్తో తవ్వలేడు కదా! అమ్మా పులానే, ఒక్కటడుగుతాను. దొరలు ఇక్కడికి వచ్చేది ఈయన బొజ్జ చూడ్డానికా, మన గోడలు చూడ్డానికా?"

పులానే తల దించుకుంది. తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ రోజు జీపు ఖాళీగానే ఉంది. తాళం నా కళ్లెదుటే బల్ల మీద ఉంది. నేను ఇవ్వలేదు. ఇస్తే పని పోతుందని భయపడ్డాను."

"నేనూ అంతే," అంది మాసెల్లో. "మా అత్త చేతిలోంచి ఫోర్కు లాక్కున్నప్పుడు బకెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఆ బకెట్టు వీడి నెత్తిన దిమ్మరించలేదు. పొలం పోతే పోనీ. రేపు పొద్దున నా గోడ తుడుస్తాను. నా ఒక్కదాని గోడ. మీ ఇళ్ల మీదికి తేను."

"నీ ఒక్కదానిదేమిటే?" మాథాబో గయ్యిమంది. "నేను కాపురానికి వచ్చిన ఏడు నా చెయ్యి పట్టుకుని మొదటి గీత గీయించింది ఎవరు? నా గోడ మీదున్నది ఎవరి చెయ్యి? నా గోడకు చావు లేదా?"

అంతే. నేల మీద కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకూ ఆమే నేర్పింది, నాకూ ఆమే, మా అమ్మకు నేర్పింది, అమ్మ నాకు నేర్పింది. ఒక్కొక్కరే లేచారు. హా సెఫిరిలో మాంఫో చెయ్యి పడని గోడ లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ ఆ పూట దాకా తట్టలేదు.

"చట్టం ఉంది! లాడ్జితో రాసుకున్న కాగితం ఉంది! మీరంతా వేలిముద్రలు వేశారు!" మొహాపీ కుర్చీలోంచి లేవబోయాడు. ప్లాస్టిక్ కుర్చీ అతని పిరుదులకు పట్టుకుని కూడా లేచింది. ఆ సభలో అందరూ కలిసి నవ్వింది అప్పుడే.

మొహాపీ దాచమని చెప్పిన ఫోన్లు పెట్టెల్లోంచి బయటికి వచ్చాయి. పులానే గోడవారన నిలబడి ఎవరెవరితోనో చాలాసేపు మాట్లాడింది.

శనివారం తెల్లారింది. గోడల పని ఆడవాళ్లది. మన మగవాళ్లు ఏనాడూ మట్టి బకెట్టు ముట్టినవాళ్లు కారు. ఆ పొద్దున వాళ్లే పేడపిడకలు రాజేసి, డ్రమ్ముల్లో నీళ్లు కాచి, ఇంటింటికీ మోశారు, ఆడవాళ్ల చేతులు కొంకర్లు పోకుండా. ఖ్వబానే దగ్గుతూనే మంట ఊదాడు. మాసెల్లో వేడినీళ్లలో ముంచిన గోనెపట్టాతో పెచ్చులు రాలగా మిగిలిన, అత్త గీసిన చివరి గీతను తుడిచింది. సగంలో వణికి పక్కకు జారిన ఆ గీత దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఏడ్చింది. ఆ తర్వాత దాన్నీ తుడిచింది.

బస్సులు వచ్చేసరికి నలభై మూడు ఇళ్లు మట్టిముద్దల్లా బోసిగా ఉన్నాయి. విదేశీ కంపెనీల వాళ్లు దిగి అటూ ఇటూ చూశారు. లాడ్జివాళ్లు పంపిన పుస్తకంలో బొమ్మ వేరుగా ఉంది. మొహాపీ ఒక గోడ నుంచి ఇంకో గోడకు పరుగెత్తాడు, ఎక్కడైనా ఒక్క గీత మిగిలిందేమోనని. దొరసాని ఒకామె మాథాబో దగ్గరికి వచ్చి, ఏం జరిగిందని సైగ చేసింది. మాథాబో మట్టి చేతులు రెండూ చూపించి, తర్వాత మొహాపీని చూపించింది. పులానే ముందుకొచ్చి, లాడ్జిలో నేర్చుకున్న ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేసింది. ముసలమ్మ గురించి, మంచు గురించి, ఖాళీ జీపు గురించి. బస్సులు వచ్చిన దారినే పోయాయి.

గంటలో పోలీసు జీపు వచ్చింది. వచ్చిన సార్జెంటు మోసి అనే నడివయసు మనిషి, కింది ఊరివాడు. మొహాపీ మాసెల్లోను వేలు పెట్టి చూపించాడు.

"లాడ్జి కంపెనీ ఆస్తి ధ్వంసం చేశావని ఫిర్యాదు," అన్నాడు సార్జెంటు.

"నా ఇల్లు, నా మట్టి. కంపెనీ ఆస్తి ఎక్కడుంది?"

"గోడ నీదే. కాగితం ప్రకారం గీతలు కంపెనీవి."

"కంపెనీవైతే పట్టుకుపొమ్మనండి," అంది మాసెల్లో. "ఆ బకెట్లో ఉన్నాయి."

ఊరంతా భళ్లున నవ్వింది. సార్జెంటు నవ్వాపుకోవడానికి మీసం దువ్వుకున్నాడు. అయినా ఉద్యోగం ఉద్యోగమే. కంబళి తడిమి, ఫోర్కు తీసి, "ఆయుధం" అని రాసుకుని, ఆమెను జీపెక్కించాడు. జీపు కదులుతుంటే మఫిసా వినపడేలా అరిచాడు, పొలం సంగతి ఇక మర్చిపొమ్మని. "దున్నడానికి ఎవడొస్తాడో చూస్తాం!" అని ఖ్వబానే అంతకన్నా గట్టిగా అరిచాడు.

జీపు కొండ దిగింది. మాసెల్లో ఒళ్లో చేతులు పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. మొదటి మలుపు తర్వాత ఊరు వచ్చింది. గోడలు బోసిగా ఉన్నాయి. ఆమె కళ్లు నులుముకుంది. రెండో ఊరిలో ఆడవాళ్లు ఇంకా తుడుస్తూనే ఉన్నారు, మోచేతుల దాకా మట్టి. మాంఫో దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలు పెళ్లిళ్లయి ఈ రోడ్డు పొడుగునా కాపురాలకు వెళ్లారు. పులానే ఫోనులో మాట్లాడింది ఎవరితోనో మాసెల్లోకు ఇప్పుడు తెలిసింది.

మూడో ఊరిలో సార్జెంటు బ్రేకు తొక్కాడు. అది అతని ఊరు. రోడ్డు మధ్యలో అతని తల్లి నిలబడి ఉంది, బకెట్టుతో. ఆమె వెనక ఊరి ఆడవాళ్లు. వాళ్ల వెనక బోసి గోడలు.

"అమ్మా, పక్కకు జరుగు. డ్యూటీలో ఉన్నాను."

"చెయ్యరా, నీ డ్యూటీ నువ్వు చెయ్యి," అంది తల్లి. "నేనూ గోడ తుడిచాను. నా గీతలు కూడా ఆమె నేర్పినవే. ఈ జీపులో ఎంతమంది పడతారు?"

ముసలామె జీపులోకి తొంగి చూసి, మాసెల్లో పక్కన ఎన్ని సీట్లున్నాయో వేలితో లెక్కపెట్టింది.

"ఆరుగురు. మేం ముప్పై ఆరుగురం. పైఊళ్ల వాళ్లు కూడా దిగి వస్తున్నారు." వెనక తలుపు తీసి, బకెట్టుతో సహా ఎక్కి కూర్చుంది. "మిగతావాళ్లు నడిచొస్తారు. మెల్లగా తోలు."