ఖాళీగా తిరిగివ్వకూడని డబ్బా

కడుపుతో ఉన్నప్పుడు ఒంటరిగా తిన్నందుకే తన కొడుకు పెని ఇలా పుట్టాడా? ఎనిమిదేళ్లుగా ఈ అనుమానం ఫువాతీనో గుండెల్లో అరగని ముద్దలా ఉండిపోయింది. గర్భిణి ఒక్కతే కూర్చుని తినకూడదని, ఎవరితోనైనా పంచుకోవాలని వాళ్ల దేశం సమోవాలో పెద్దవాళ్లు చెబుతారు. ఆ రోజుల్లో ఆమె ఆస్ట్రేలియాలో, బ్రిస్బేన్ అవతల కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేది. విరామానికి వదిలినప్పుడు ఆ గదిలో ఇంకెవరూ ఉండేవారు కాదు. పీచ్ పండ్ల డబ్బా తెరిచి, గోడకేసి చూస్తూ తినేది. "అంత ఆకలైతే ఇంటికొచ్చి తినాల్సింది" అని అత్తగారు లెపెకా ఇప్పటికీ అంటుంది. ఆ ఇంట్లో అందరూ తిన్నది ఆ ఫ్యాక్టరీ జీతంతోనేనన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. ప్రార్థనలో ఫువాతీనో దేవుణ్ణి నిలదీసేది కాదు, మెల్లగా అడిగేది. ఆకలికి తిన్న తల్లిని శిక్షించేవాడివా ప్రభువా? నీ గురించి నేను విన్నది అలా లేదే.

ఆ గురువారం ఆమె తన భర్త ఎసేరా తెల్లచొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఆయన చర్చిలో డీకన్, పాస్టరుకు సాయపడే పెద్ద. ఆయన కాలరు మీద మడత కనిపిస్తే పాస్టరమ్మ చూపు ఆయన మెడ మీద కాదు, ఫువాతీనో చేతుల మీద పడుతుంది. ఇంతలో బడి నుంచి ఫోన్ వచ్చింది. పెని కుర్చీ విసిరాడు. అది టిల్లీ అనే పాప నుదుటికి తగిలింది, కుట్లు పడ్డాయి.

గంట మోగితే పెనికి తలలో ఏదో పగిలినట్టవుతుంది. చేతికి ఏది దొరికితే అది విసిరేస్తాడు. నోలీన్ పక్కన ఉంటే అలా జరగదు. ఆమె తరగతిలో టీచరుకు సాయంగా ఉండే పెద్దావిడ. గంట మోగే ముందే వాణ్ణి బయటికి తీసుకెళ్లి మొక్కలకు నీళ్లు పోయిస్తుంది. మోగుతున్నంతసేపూ వీపు మీద అరచెయ్యి గట్టిగా ఆనించి ఉంచుతుంది. అయితే ఆమెకు బడి ఇచ్చినది పొద్దుటి పూట పని ఒక్కటే. కుర్చీ ఎగిరింది ఆమె ఇంటికి వెళ్లాక.

ఫువాతీనో చర్చికి వేసుకునే తెల్లగౌను వేసుకుని బడికి వెళ్లింది. దారి పొడవునా బస్సులో ఒకటే వాక్యం వల్లెవేసుకుంది. "నోలీన్ ని రోజంతా వాడి పక్కన ఉంచండి." హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ ప్రెంటిస్ మంచినీళ్లు ఇచ్చింది, నవ్వింది.

"ఇదంతా పెని మేలు కోసమే, ఫువా. ఇక నుంచి రోజుకు గంటన్నర వస్తే చాలు. మిగతా టైమంతా మీ దగ్గరే హాయిగా ఉంటాడు. సరేనా?"

ఫువాతీనో తల వంచుకుంది. గౌరవించాల్సిన వాళ్ల కళ్లలోకి చూడకూడదు, వాళ్ల మాటకు అడ్డు చెప్పకూడదు. చిన్నప్పుడు అమ్మ నేర్పిన మొదటి మర్యాద అది. పంతులమ్మంటే పాస్టరుగారి తర్వాత అంతటిది.

"సరేనండి. థాంక్యూ" అంది.

"నాకు తెలుసు, మీరు అర్థం చేసుకుంటారు. ఒక్కసారి కూడా అభ్యంతరం చెప్పని తల్లి ఈ బడిలో మీరొక్కరే."

మెచ్చుకోలుగానే అంది ఆ మాట. బస్సెక్కి కూర్చున్నాక గానీ ఫువాతీనోకు దాని అర్థం తట్టలేదు. నర్సరీ నుంచి ఇప్పటిదాకా తను తల వంచిన ప్రతిసారినీ వీళ్లు ఒప్పుకోలు కింద జమ వేసుకున్నారు. ఆటల పోటీలకు తీసుకురావద్దన్నప్పుడు సరే. విహారయాత్రకు వద్దన్నప్పుడు సరే. తను మర్యాద చేస్తున్నాననుకుంది. బిడ్డను కొంచెం కొంచెంగా బయటికి నెట్టడానికి తనూ ఒక చెయ్యి వేస్తోందని తెలుసుకోలేదు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ భర్తతో అంది. "టిల్లీ వాళ్ల ముందు మనం ఇఫోగా చేద్దామండీ. వాళ్లు క్షమిస్తే బడివాళ్లూ మెత్తబడతారేమో. అప్పుడు నోలీన్ ని అడగొచ్చు."

ఇఫోగా అంటే తప్పు చేసిన ఇంటి పెద్ద తల మీద సన్నచాప కప్పుకుని, దెబ్బతిన్నవాళ్ల గుమ్మం ముందు కూర్చోవడం. వాళ్లు వచ్చి ఆ చాప ఎత్తితే క్షమించినట్టు. హత్య జరిగిన ఇళ్ల మధ్య కూడా పగ అలా చల్లారిన సంగతులు ఆమె విన్నది.

ఎసేరా చెంచా కింద పెట్టాడు. "కుర్చీ విసిరిన పిచ్చోడి కోసం డీకన్నై ఉండి నేను రోడ్డు మీద కూర్చోవాలా? మా వంశంలో ఇలాంటివాడు లేడు."

వంశంలో లేనివాడికి రోజూ స్నానం ఎవరు చేయిస్తున్నారు అని అడగాలనిపించింది. ఆయన కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది.

లెపెకా అందుకుంది. "దెబ్బల్లేక చెడ్డాడు వాడు. మా రోజుల్లో చీపురుకట్ట చాలేది. నీకు ఓపిక పొంగిపోతుంటే చెప్పమ్మా, ఆదివారానికి చేమదుంపలు ఇంకో బస్తా తెప్పిస్తా, ఒలుద్దువుగాని."

ఎసేరా నవ్వాడు. బల్ల కింద పెని చెవులు మూసుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున పెట్టెలోంచి ఫువాతీనో తన పెళ్లిచాప తీసింది. పట్టులా ఉండే ఆ చాపను వాళ్లమ్మ కొన్నేళ్ల పాటు కూర్చుని అల్లింది. అల్లినవాళ్లు ఆడవాళ్లే. దాని కింద కూర్చునేది మాత్రం మగవాళ్లు. దేవా, తప్పయితే నా మీదే వెయ్యి అనుకుని, పెనిని ఇంట్లోనే ఉంచి బడి గేటు దగ్గరకు వెళ్లింది. టిల్లీ వాళ్లమ్మ కారు ఆపే చోట మోకాళ్ల మీద కూర్చుని, చాప తల మీదుగా కప్పుకుంది.

లోపల వెలుతురు లేత పసుపుగా ఉంది. అమ్మ వంటింటి వాసన వచ్చింది. బయట కార్లు ఆగుతున్నాయి. "ఆవిడేం చేస్తోంది మమ్మీ?" అని ఏదో పిల్ల అడిగింది. "చూడకు, నడు" అంది తల్లి. ఎవరో నవ్వారు. తర్వాత ఒక కారు దగ్గరకొచ్చి ఆగింది. లోపల టిల్లీ ఏడవడం వినిపించింది. ఒక ఆడగొంతు భయంగా, "నా దారికి అడ్డంగా ఎవరో ఉన్నారు, ఆమె చేతుల్లో ఏముందో తెలీదు" అని ఫోన్లో చెబుతోంది. భయం. ఫువాతీనో ఊహించని మాట అది. వాళ్లకు కోపం ఉంటుందనుకుంది, ఏడుపు ఉంటుందనుకుంది. మోకాళ్ల మీద ఉన్న మనిషిని చూసి భయపడతారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కారు వెనక్కి వెళ్లి, తిరిగి, రెండో గేటు వైపు వెళ్లిపోయింది.

చాప అంచు కింద నుంచి ఒక జత పాత తెల్లబూట్లు కనిపించాయి. నోలీన్ మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ పక్కనే చతికిలబడింది. "ఇదేంటో నాకు తెలీదు తల్లీ. నువ్వొక్కదానివే కూర్చోవడం చూడలేకపోయా" అంది. అంతే. చాప మాత్రం ముట్టుకోలేదు.

గంట మోగింది. ఎత్తాల్సినవాళ్లు రాలేదు. చివరికి ఆ చాపను ఫువాతీనో తనే ఎత్తింది. అలా ఎవరూ చెయ్యరు. ఎదురుగా మిసెస్ ప్రెంటిస్, పక్కన ఇద్దరు పోలీసులు నిలబడి ఉన్నారు.

"ఫువా, మీకు ఒంట్లో బాగుందా? ఎవరితోనైనా మాట్లాడతారా?"

ఫువాతీనో మొదటిసారి ఆమె కళ్లలోకి చూసింది. "మీతోనే మాట్లాడతాను. గంటన్నరకు నేను ఒప్పుకోవడం లేదు. నోలీన్ ని రోజంతా వాడి పక్కన ఉంచండి."

నిన్నటి నుంచి మోసిన వాక్యం అలా బయటికి వచ్చింది. అయితే ఆలస్యంగా వచ్చింది. పెని ఆ బడికి ఇక రానక్కర్లేదని మధ్యాహ్నానికి కబురొచ్చింది. గంట దూరంలో అలాంటి పిల్లలకు వేరే బడి ఉందట, ఖాళీ వచ్చినప్పుడు పిలుస్తారట. ఎప్పుడని అడిగితే ఎవరికీ తెలియదు. ఎసేరా శనివారం రాత్రి దాకా ఆమెతో మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకే మాట అన్నాడు. "చాప పరువు కూడా తీశావు."

ఆదివారం పొద్దున ఎప్పటిలాగే చామాకుల్లో కొబ్బరిపాలు పోసి పలుసామి చేసింది. ఆ ఇంట్లో మొదటి వాయ ఎప్పుడూ పాస్టరుగారి బల్లకే వెళుతుంది. ఫువాతీనో పై అర వెనక నుంచి ఒక నీలం డబ్బా తీసింది. పెని బడిలో చేరిన కొత్తలో తన అన్నం నేలకేసి కొడితే, నోలీన్ తన డబ్బాలోది వాడికి తినిపించి, మిగిలినది డబ్బాతో సహా ఇంటికి పంపింది. ఎవరి గిన్నె అయినా ఖాళీగా తిరిగివ్వకూడదు. నింపుదామనుకున్న ప్రతిసారీ చర్చి విందో, అత్తగారి చుట్టాలో, డీకన్ల సమావేశమో వచ్చి పడేది. డబ్బా అలాగే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని మొదటి వాయతో నింపి మూత పెట్టింది.

"అదెవరికి? అయ్యగారికి ఇంకా వెళ్లలేదుగా" అంది లెపెకా.

"బాకీ ఉందత్తయ్యా."

"అయ్యగారి కంటే ముందా?" అన్నాడు ఎసేరా గుమ్మంలోంచి.

ఆమె డబ్బాను గుడ్డలో చుట్టింది. ప్రభువా, నీ సేవకుడికి రెండో వాయ పెడితే నువ్వు నొచ్చుకోవనుకుంటాను అని లోపల అనుకుంది.

సోమవారం పెని చెయ్యి పట్టుకుని బడి కంచె బయట నిలబడింది. నోలీన్ కార్డ్‌బోర్డు పెట్టె మోసుకుంటూ వచ్చింది. అందులో టీ కప్పు, స్వెటర్ ఉన్నాయి. పెని కోసం ఇచ్చిన పనే గనక, పెనితో పాటు అదీ పోయిందట.

ఫువాతీనో డబ్బా చేతికిచ్చింది. నోలీన్ తిప్పి చూసింది. "ఇది నాదా? ఎప్పుడో మర్చిపోయా."

"నేను మర్చిపోలేదు."

గడ్డి మీద ముగ్గురూ కూర్చుని చేతులతోనే తిన్నారు. పెనికి కొబ్బరిపాలు గడ్డం దాకా కారాయి. ఫువాతీనో వాడి గడ్డం తుడుస్తూ అడిగింది. "మీ వాళ్లలో, కడుపుతో ఉన్నప్పుడు ఒంటరిగా తింటే బిడ్డకేమైనా అవుతుందంటారా?"

"నా మొదటివాణ్ణి మోస్తున్నప్పుడు తొమ్మిది నెలలూ కారులో ఒక్కదాన్నే తిన్నా" అంది నోలీన్ వేళ్లు నాక్కుంటూ. "వాడు ఇన్‌కమ్‌టాక్స్ ఆఫీసరయ్యాడు. ఆ పాపం మరి నాదో, దేవుడిదో."

ఫువాతీనోకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఖాళీ అయిన డబ్బాను నోలీన్ తన పెట్టెలో పెట్టుకుంది. బాకీ తీరింది. కంచె లోపల గంట మోగింది. పెని వీపు మీదికి ఇద్దరి చేతులూ ఒకేసారి వచ్చాయి, వాడు అరవలేదు. పిల్లలందరూ వరుసల్లో లోపలికి వెళ్లిపోయారు. వాణ్ణి మాత్రం ఎవరూ పిలవలేదు.