ఆదివారం తర్జుమా

తవిటయ్య పోర్టులో క్రేను నడిపేవాడు. నైట్ డ్యూటీ దిగి ఆదివారం పొద్దున్న వన్ టౌన్‌లోని ఇంటికి చేరేసరికి గుమ్మం నిండా చెప్పులుండేవి. ఆ సందు మొత్తానికి టీవీ వాళ్లింట్లోనే ఉంది. పడుకోవడానికి ఉన్నదీ ఆ ఒక్క గదే.

ఆ ఏడాది ఆదివారాలు ఒక హిందీ హాస్య సీరియల్ వచ్చేది. అందులో చిచ్చరపిడుగులాంటి కొడుకు, వాడి ముందు ప్రతి వారమూ వెర్రివాడయ్యే తండ్రి. సందులో హిందీ ఎవరికీ రాదు, తవిటయ్య కొడుకు శ్రీరామ్మూర్తికి తప్ప. నాలుగో తరగతి పిల్లాడు, రేడియో వినే నేర్చేసుకున్నాడు. టీవీ పక్కన నిలబడి మాట మాటా తెలుగులో చెప్పేవాడు. మధ్యలో ప్రకటనలొస్తే జనం లెక్కలడిగేవారు. అవీ నోటితోనే చేసేవాడు.

"టీవీలో బుడ్డోడు మీ ఇంట్లోనే ఉన్నాడు బావా," అనేవాడు పక్కింటి కొండలరావు. "మరి ఆ తండ్రివి నువ్వే గదా!"

అందరూ నవ్వేవారు. తవిటయ్య కూడా నవ్వి, గోడకి చేరబడి కళ్లు మూసుకునేవాడు.

ఒక ఆదివారం టీవీలో తండ్రి పేపరు తలకిందులుగా పట్టుకుని చదవబోయాడు. కొండలరావు వెంటనే ఆ రోజు పేపరు తవిటయ్య చేతిలో పెట్టాడు.

"సదువు బావా, సూద్దాం!"

నిద్రమత్తులో అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. తవిటయ్య తడబడ్డాడు. గది గొల్లుమంది. శ్రీరామ్మూర్తీ నవ్వాడు. తండ్రి మొహం చూసి ఆగిపోయాడు.

"తర్వాతేటన్నాడ్రా? సెప్పు," అన్నాడు కొండలరావు.

"నాను సెప్పను," అన్నాడు పిల్లాడు.

తవిటయ్య భార్య సన్యాసమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చి టీవీ కట్టేసింది.

"ఎల్లండన్నయ్యా. రేతిరంతా నిద్దర్లేదు మనిషికి. తొంగోవాల."

"టీవీ ఉందని ఎంత గీరో!" అంటూ కొండలరావు చెప్పులేసుకున్నాడు. తవిటయ్యకి వెనక్కి పిలవాలనిపించింది. లేచే ఓపిక లేదు.

దసరాకి కొండలరావే టీవీ కొన్నాడు. జనం అటు మళ్లారు. శ్రీరామ్మూర్తీ వెళ్లేవాడు. గోడ అవతలి నవ్వులు వింటూ తవిటయ్య మెలకువగానే పడుకునేవాడు.

"అక్కడా నిన్నే సెప్పమంటన్నారేట్రా?" అని అడిగాడొకసారి.

"లేదు నాన్నా. రైల్వే ఆయనొకడు వత్తన్నాడు. ఆయన సెప్తన్నాడు. నాను కూకొని నవ్వడమే."

"బాగుందా?"

"బాగుంది. కాళ్లు నొప్పెట్టవు."

తవిటయ్య పక్కకి జరిగి చాప మీద చోటిచ్చాడు. ఇద్దరికీ నిద్రపట్టింది. అన్నం చల్లారిపోతున్నా సన్యాసమ్మ లేపలేదు.