మనిషి చూశాకే

పెద్ద ఉద్యోగులు మాట్లాడితే వాక్యానికి తలా తోకా ఉండవు. వాటిని అతికించడమే ఇరవై ఏడేళ్లుగా నా ఉద్యోగం. చట్టసభ కమిటీల్లో ఎవరేమన్నా షార్ట్‌హ్యాండ్‌లో దించుకుని, మర్నాటికి శుభ్రంగా టైపు చేసి ఇస్తాను. కర్త లేని చోట కర్తను పెట్టడం మా సెక్షన్ ఆనవాయితీ. "వెళ్లి చూసొచ్చారండీ" అని ఒకాయన అంటే, "మంత్రిగారు వెళ్లి చూసి వచ్చారు" అని రాయాలి. ఇన్నేళ్లలో నా కాపీకి ఒక్క దిద్దుబాటు చీటీ అంటుకోలేదు. అందరూ నన్ను ఫుల్‌స్టాప్ అమ్మగారంటారు. ముద్దుగా అంటారో విసుగ్గా అంటారో నేనెప్పుడూ అడగలేదు. కమిటీ గదిలో రిపోర్టరు నోరు తెరవకూడదన్నది ఇంకో ఆనవాయితీ. మా ఆయన పోయిన ఈ నాలుగేళ్లలో అది ఇంట్లో కూడా అలవాటైపోయింది.

ఆ రోజు రక్షణ కమిటీ కూర్చుంది. సరిహద్దు కంచె దగ్గర పెట్టబోయే యంత్రం గురించి విచారణ. అది తనే తిరుగుతుంది, తనే వెతుకుతుంది, తుపాకీ కూడా దానికే ఉంటుంది. అధ్యక్షురాలు ఒకప్పుడు లెక్కల టీచరు. డొంకతిరుగుడు సమాధానాలు ఆవిడ దగ్గర సాగవు.

"ఆ కంచె పక్కకి కట్టెల కోసం ఆడవాళ్లొస్తారు. కాల్చేముందు మనిషి చూస్తాడా, చూడడా? అది చెప్పండి చాలు," అంది.

సైన్యం తరఫున వచ్చిన అధికారి ఫైలు మూసి, "తప్పకుండా మేడమ్. చూశాకే కాలుస్తుంది," అన్నాడు.

అందరూ హమ్మయ్య అనుకున్నారు. టీలు వచ్చాయి. నేను "మనిషి చూశాకే కాలుస్తుంది" అని టైపు చేసి పంపాను. ఆ అధికారి చదువుకుని సంతకం పెట్టాడు.

పది రోజులకి నివేదిక ముసాయిదా ప్రూఫు చూడమని నా బల్ల మీదికొచ్చింది. "'మనిషి చూశాకే కాలుస్తుంది' అన్న స్పష్టమైన హామీ మేరకు అనుమతి ఇస్తున్నాం" అని ఉంది. నా వాక్యం కొటేషన్లలో కనిపిస్తే కాస్త పొంగిపోయాను, అబద్ధమెందుకు. కొటేషన్లో ఉన్నది అక్షరం పొల్లుపోకూడదు కనక ఆ రోజు రికార్డు చేసిన టేపు పెట్టి విన్నాను. "చూశాకే కాలుస్తుంది." వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. మూడోసారికి దొరికింది. మనిషి అన్న మాట ఆవిడ ప్రశ్నలో ఉంది, ఆయన జవాబులో లేదు. ఎవరు చూశాక? ఆయన చెప్పలేదు. నేను చెప్పాను.

సెక్షన్ హెడ్ దగ్గరికి పరిగెత్తాను.

"ఆయన సంతకం పెట్టాడు కదమ్మా! అయిపోయిన పెళ్లికి బాజాలెందుకు?" అన్నాడు. "రేపే నివేదిక ఆమోదం. మూడు నెలల్లో రిటైరవుతున్నారు, ఇప్పుడీ మచ్చ అవసరమా మీకు?"

అవసరం లేదు. నాకున్నదల్లా ఆ మచ్చలేనితనమే, అది కూడా పోతే నా దగ్గర ఏం మిగులుతుందో నాకే తెలీదు.

ఇంటికొచ్చి లైటు వేసి, పొద్దుటి గిన్నె కడుక్కుని, అన్నం పెట్టుకున్నాను. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఏడున్నరకి చెల్లెలి ఫోను, రోజూలాగే.

"తిన్నావా అక్కా?"

"ఆఁ, తిన్నాం."

ఫోను పెట్టేశాక ఆ మాట చెవిలోనే ఉండిపోయింది. తిన్నాం, పడుకుంటాం, బాగానే ఉన్నాం. నాలుగేళ్లుగా అదే నోటికొస్తోంది. అది విని కూడా చెల్లెలు విననట్టు ఊరుకుంటుంది. నా పక్కన మనిషి లేడు, మాటలో నేనే పెడుతున్నాను. ఇంట్లో పెడితే ఎవరికీ నష్టం లేదు. కంచె దగ్గర పెట్టానే! అప్పుడు ఏడుపొచ్చింది, కంచం ముందే కూర్చుని ఏడ్చాను.

మర్నాడు కమిటీ గదికి ఆ అధికారి కూడా వచ్చాడు. నివేదికకి అందరూ చేతులెత్తబోతుండగా నేను లేచి నిలబడ్డాను. కుర్చీ మాట్లాడినట్టు చూశారందరూ.

"మేడమ్, ఆ 'మనిషి' ఆయన అన్న మాట కాదండీ. అక్కడ మనిషి లేడు. నేనే పెట్టాను."

అధ్యక్షురాలు అధికారివైపు తిరిగింది. "అయితే ఎవరు చూశాక?"

ఆయన ఫైలు తెరిచాడు, మూశాడు. "అదే చూస్తుంది మేడమ్. దానికి కెమెరాలుంటాయి."

ఆవిడ ఎర్ర కలంతో ఆ పేజీకి అడ్డంగా గీత కొట్టింది. అనుమతి ఆగిపోయింది. నా కాపీకి సెక్షన్ హెడ్ స్వయంగా చీటీ అంటించాడు. క్యాంటీన్లో నా బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. అంతకుముందు కూడా పెద్దగా వచ్చేవాళ్లు కాదనుకోండి.

ఏడున్నరకి ఫోను మోగింది.

"తిన్నావా అక్కా?"

"తిన్నాను," అన్నాను.

"ఒక్కదానివేనా?" అంది, నాలుగేళ్లలో మొదటిసారి.

"ఒక్కదాన్నేనే," అన్నాను.