అర్థమైపోయిన పాట

మెటల్ బ్యాండు వాళ్లు పాట రాయమని వచ్చినప్పుడు, అరవై ఎనిమిదేళ్ల పాటల రచయిత వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఆయన పెళ్లికి కూడా ఒప్పుకోలేదు. బ్యాండు వాళ్లే కంగారుపడ్డారు. బతిమాలడానికి నలుగురూ మాటలు కూడబలుక్కుని వచ్చారు మరి.

కారణం ఆయన చెప్పలేదు. వాళ్ల పాత ఆల్బం ఒకటి మొదటినుంచి చివరిదాకా విన్నాడు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గాయకుణ్ణి తోటివాళ్లు ఉరుము అని పిలుస్తారు. ఆ పేరు పెట్టినవాడు మొహమాటపడ్డాడనే చెప్పాలి. ఈ గొంతులో పడితే ఏం రాసినా ఎవరికీ తెలియదు, ముఖ్యంగా భార్యకు తెలియదు అనుకుని రచయిత ప్రాణం కుదుటపడింది.

విషయం ఏమిటంటే, ఆయనను పదిమందిలో నిలబెట్టిన మొదటి పాట పల్లవి ఆయనది కాదు. భార్య ఏదో పని చేసుకుంటూ యథాలాపంగా అన్న రెండు వాక్యాలు. ఆయన రాసుకున్నాడు, తన పేరు వేయించుకున్నాడు. నలభై ఏళ్లలో ఆవిడ ఒక్కసారీ అడగలేదు. అడిగి నాలుగు దులిపేసి ఉంటే ఆయనకే హాయిగా ఉండేది. ఈ మాట ఒప్పుకోకుండానే పోతానేమోనని ఈమధ్య భయం పట్టుకుంది. ఎదురుగా చెబుదామంటే నోరు పెగలదు. డ్రమ్ముల వెనకాల దాక్కునైనా చెప్పేద్దామనుకున్నాడు.

రాసి ఇచ్చాడు:

నాది కాదు ఆ పల్లవి, నాది కాదు
కూర తరుగుతూ తనన్నది, నేను కాజేశాను

కానీ ఉరుము మహా మర్యాదస్థుడు. అంత పెద్దాయన సాహిత్యం తన గొంతులో నలిగిపోకూడదని పట్టుదలకు పోయాడు. రిటైరైన భాషా టీచరు దగ్గర మూడు నెలలు ఉచ్చారణ నేర్చుకున్నాడు. ఆవిడ ఎదురుగా ఒద్దికగా కూర్చుని, కిటికీలు అదిరేలా గుణింతాలు అరిచాడు.

రికార్డింగు అయ్యాక నలుగురూ పాట పట్టుకుని ఇంటికే వచ్చారు. హాల్లో స్పీకరు పెట్టారు. రచయిత భార్య అందరికీ టీ ఇచ్చి, తనూ కూర్చుంది. ఆయన వద్దనలేదు. ఎలాగూ అర్థం కాదు కదా.

అర్థమైంది. ప్రతి అక్షరం, ఒత్తులతో సహా. పక్కింటివాళ్లకు కూడా అర్థమై ఉంటుంది. రచయిత టీ కప్పులోకి చూస్తూ సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ఉరుము, పాట ఆగాక.

"బాగా పాడావు బాబూ," అని ఆవిడ భర్త వైపు తిరిగింది. "కూర తరుగుతూ కాదండీ. గుండీ కుడుతూ. మీ నీలం చొక్కాకి."

ఆయన తలెత్తాడు.

"పాటకి మాత్రలు కూడా సరిపోతాయి," అంది.

ఉరుము వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. సరిపోయాయి.

"మార్చి మళ్లీ పాడతాను. కానీ గురువుగారూ, చొక్కా సంగతి అమ్మగారికెలా తెలుసు?"

రచయిత టీ కప్పు కింద పెట్టాడు.

"ఆ పల్లవి ఆవిడది," అన్నాడు. "నేను నా పేరు వేసుకున్నాను."

ఆవిడ ఖాళీ కప్పులు పోగుచేసుకుని వంటింట్లోకి వెళ్లి, కొళాయి పూర్తిగా తిప్పింది. ఆ చప్పుడులో ఆవిడ ఏడుస్తోందని ఆయనకు తెలిసింది. లేచి లోపలికి వెళ్లాడు.