నువ్వేం నొక్కావ్?

బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేసి, సబ్బుపొడి పోసి, తడిచేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చి ఆమె కంప్యూటర్ ముందు కూర్చుంది. బడి భవనానికి మెట్లు గీస్తోంది. రెండో అంతస్తు మలుపు దగ్గర రెయిలింగు గీత లాగుతుండగా తెర నల్లబడింది. ముందస్తు సూచన ఏమీ లేదు. ఆరిపోయి, తనంతట తానే మళ్ళీ మొదలై, ఏమీ ఎరగనట్టు తెల్లగా వెలిగింది. ఇందాకటి నుంచి గీసిన మెట్లన్నీ గంగలో కలిశాయి.

ఆఫీసుకి తయారవుతున్న భర్త గదిలోంచే అడిగాడు.

"మళ్ళీ నువ్వేం నొక్కావ్?"

ఏం నొక్కానని చెప్పాలి? గీత గీసేవాళ్ళు ఏం నొక్కుతారో అదే నొక్కింది. పెళ్ళికి ముందూ, పెళ్ళయిన కొత్తలోనూ ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో రోజంతా కంప్యూటర్ ముందే ఉండేది. అక్కడి కంప్యూటర్లు ఏవీ ఇలా ఆమె చెయ్యి తగిలితే సొమ్మసిల్లలేదు. అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు "కొన్నాళ్ళు మానెయ్ లే" అన్నాడు భర్త. ఆ కొన్నాళ్ళు ఏళ్ళయ్యాయి. ఇప్పుడు పాత ఆఫీసు ఇంజినీరు మేడమ్ గుర్తుపెట్టుకుని ఇంటి నుంచే చేసుకోమని పని పంపుతోంది. పంపుతూనే నిన్న ఫోన్‌లో ఉన్న మాట చెప్పేసింది. "నీ చెయ్యి నాకు నచ్చుతుందమ్మా. కానీ శుక్రవారానికి బడి డ్రాయింగులు రాకపోతే ఇంకొకరికి ఇవ్వక తప్పదు. కంప్యూటర్ ఆగిపోతోందని కాంట్రాక్టర్‌తో ఎన్నిసార్లు చెప్పను?"

ఆ కంప్యూటర్ భర్త స్వయంగా కట్టుకున్నది. ఒక్కో భాగం ఏరికోరి తెచ్చి, సెలవు రోజంతా నేల మీద బాసింపట్టు వేసుకుని బిగించాడు. పక్కన అద్దం తలుపు, లోపల నీలం దీపాలు. అంత ఇష్టంగా అతను పని చెయ్యడం ఆమె ఎప్పుడూ చూడలేదు, చూడ్డానికి ముచ్చటేసింది కూడా. ఒక్క పవర్ సప్లై మాత్రం, అంటే లోపలి భాగాలన్నిటికీ కరెంటు పంచే పెట్టె, పాత కంప్యూటర్‌లోది తీసి పెట్టాడు. "అడుగున ఉండేది, దాన్నెవడు చూస్తాడు?" అన్నాడు. హాల్లో అత్తగారి టీవీ ఉంది కాబట్టి వంటింటి పక్క వసారాలో బల్ల వేసి, వంటింటి ప్లగ్గు నుంచే వైరు లాగాడు.

సాయంత్రాలు అతను ఆటకి కూర్చుంటే అది ఒక్కసారీ ఆగేది కాదు. తుపాకులు పేలేవి, కార్లు గాల్లోకి లేచేవి, తెర మాత్రం చెక్కుచెదిరేది కాదు. "చూశావా, నా దగ్గర ఎంత బుద్ధిగా ఉందో" అనేవాడు. స్నేహితులు వస్తే అదొక జోకు. "మా ఆవిడ ముట్టుకుంటే చాలు, దీనికి మూర్ఛ!" అందరూ నవ్వేవాళ్ళు. కాఫీ కప్పులు అందిస్తూ ఆమే నవ్వేది. తర్వాత వంటింట్లో కప్పులు కడుగుతుంటే ఆ నవ్వే ఎక్కువ మండేది.

అతను ఆఫీసుకి వెళ్ళాక ఆమె అద్దం తలుపు తీసేది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చి చూడాలి అని ఏదో వీడియోలో విన్నది. ఊడదీసిన మరలు ఊడదీసిన వరసలోనే డబ్బా మూతలో పేర్చుకుంది. మెమరీ ముక్కలు ఒకటి తీసి ఒకటి ఉంచి చూసింది, ఆగింది. వాటిని అటూ ఇటూ మార్చింది, ఆగింది. రంగులేసే కుంచెతో ఫ్యాన్ల దుమ్ము దులిపింది, వేడి చూసింది, సరిగ్గానే ఉంది. అయినా ఆగింది. ఒకనాడు అతను అద్దం మీద వేలిముద్ర పట్టేశాడు. "తెలియని పనిలో ఎందుకు వేలు పెడతావ్? ఉన్నది కూడా పాడవుతుంది." చివరికి తనలోనే ఏదో ఉందేమో అన్నంత దూరం వచ్చింది. చేతులు ఆరేదాకా ఫ్యాను కింద పట్టుకుని, అప్పుడు కూర్చునేది. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది, అసలు నష్టం అదీ.

మంగళవారం కుళాయి రాలేదు. బుధవారం పొద్దున్నే అత్తగారు వసారాలోకి వచ్చి బట్టల బుట్ట కేసి చూశారు.

"నిన్నంతా ఆ పెట్టె ముందే కూర్చున్నావు. బట్టలు వెయ్యలేదు, పచ్చడి చెయ్యలేదు, ఇస్త్రీ లేదు. ఇల్లు ఇల్లులా ఉందా?"

"నీళ్ళు రాలేదుగా అత్తయ్యా" అనబోయింది. నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. నిన్నంతా కూర్చుంది. పొద్దుట్నుంచి చీకటి పడేదాకా, కాళ్ళు తిమ్మిరెక్కేదాకా కూర్చుంది. నిన్న ఒక్కసారి కూడా ఆగలేదు.

"ఏంటమ్మాయ్, అలా చూస్తావ్?"

"ఏం లేదత్తయ్యా. మీరు మంచి మాట చెప్పారు."

కుళాయి వస్తోంది. వెళ్ళి మెషీన్ తిప్పింది. వచ్చి కూర్చుని గీత లాగుతూ చెవులు అటే పెట్టింది. లోపలి డ్రమ్ము ఒకవైపు తిరిగింది, ఆగింది, రెండోవైపు తిరగబోతూ మోటారు గుర్రుమంది. అప్పుడే వంటింట్లో అత్తగారు మిక్సీ వేశారు. తెర నల్లబడింది. ఆమెకి గీసింది పోయిందన్న బాధ లేదు సరికదా, నవ్వొచ్చింది. అతను కూర్చున్నప్పుడు ఎందుకు ఆగదు? ఆటలో ఉన్నప్పుడు చప్పుడు పడదతనికి. "కాసేపు ఆ గోల ఆపు" అంటాడు. ఆమె మెషీన్ కట్టేస్తుంది, మిక్సీ ముట్టుకోదు, ఇస్త్రీ రేపటికి పెట్టుకుంటుంది. అతని కోసం ఇల్లు మొత్తం ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. తన కోసం ఎవరు బిగబడతారు? తను కూర్చున్నా ఇంటి పని తిరుగుతూనే ఉంటుంది, ఆ తిప్పేదీ తనే.

ఆ సాయంత్రం అతను ఆటకి కూర్చున్నాడు. ఆమె బట్టలు వేసింది, ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టింది, మిక్సీలో కొబ్బరి వేసింది.

"కాసేపు ఆ గోల..."

మాట పూర్తి కాకుండానే నీలం దీపాలు ఆరిపోయాయి.

"ఏయ్! ఏం చేశావ్?"

"ఏం చెయ్యలేదండీ. రోజూ చేసేదే."

అతను నమ్మలేదు. మళ్ళీ పెట్టాడు, ఆమె మళ్ళీ మిక్సీ తిప్పింది, మళ్ళీ ఆరిపోయింది. ఈసారి అతను కుర్చీ దిగి అద్దం తలుపు తీసి అడుగున ఉన్న పాత పెట్టె కేసి చాలాసేపు చూశాడు. "ఇది ముసలిదైపోయింది. మోటార్లు కరెంటు లాక్కున్నప్పుడల్లా తట్టుకోలేకపోతోంది" అన్నాడు. అద్దం తలుపు మూస్తూ, తలెత్తకుండానే అన్నాడు. "ఇన్నాళ్ళూ నిన్నే అన్నాను."

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ ఒక్క మాట కోసం తను ఇంత కరువులో ఉందని అప్పటిదాకా తెలియదు.

"ఆదివారం కొత్తది తెస్తాను" అన్నాడు, లేస్తూ. "అందాకా నువ్వు తెల్లారకముందే లేచి బట్టలవీ కానిచ్చేసుకో. అప్పుడు నీ పనికి అడ్డుండదు."

ఆమె తెల్లారకముందు లేవలేదు. గురు, శుక్రవారాలు ఇల్లు ఆపేసింది. మెషీన్ తిరగలేదు, పచ్చడి లేదు, చొక్కాలు ముడతలతోనే ఆఫీసుకి వెళ్ళాయి. అత్తగారు గొణుక్కున్నారు, గొణుక్కుంటూనే ఒక గ్లాసు మంచినీళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టి, "మెడ పట్టేస్తుంది, కాస్త లేచి తిరుగు" అన్నారు. శుక్రవారం బడి డ్రాయింగులు వెళ్ళాయి. "నా అమ్మాయి తిరిగొచ్చింది" అంది మేడమ్ ఫోన్‌లో.

ఆదివారం అతను కొత్త పెట్టె బిగించాడు. మెషీన్, మిక్సీ, ఇస్త్రీ అన్నీ ఒకేసారి వేయించి చూశాడు. తెర ఆరిపోలేదు. అతని మొహం వెలిగిపోయింది.

"ఇక నీకు బెంగ లేదు! ఒకపక్క బట్టలు తిప్పుకుంటూ, ఒకపక్క మిక్సీ వేసుకుంటూ, హాయిగా డ్రాయింగులు గీసుకో. దేనికీ ఆగదు!"

నిజంగానే ఆమెకి మేలు చేశాననుకున్నాడు. ఆ సంతోషం చూస్తే ఆమెకి జాలేసింది. మోయలేనప్పుడు ఆ పెట్టె ఆగిపోయింది, ఆగింది కాబట్టి అందరూ చుట్టూ చేరారు, తెరిచి చూశారు, కొత్తది తెచ్చారు. తను ఒక్కరోజూ ఆగలేదు, అందుకే తనని ఎవరూ తెరిచి చూడలేదు.

అతను ఆట పెట్టుకుని కుర్చీ ముందుకి లాక్కున్నాడు. ఆమె బట్టల బుట్ట తెచ్చి కుర్చీ పక్కన పెట్టింది.

"దేనికీ ఆగదన్నారుగా. ఆడుకుంటూనే వీటిని మీరు వేసెయ్యండి."

"నేనా?"

"మీరే. చప్పుడుకి అలవాటు పడతారు."

అతను ఆమె మొహం చూశాడు. జోకు కాదని అర్థమైనట్టుంది. ఆట ఆపి, బుట్ట ఎత్తుకుని, వాషింగ్ మెషీన్ దగ్గరికి వెళ్ళాడు. ఏళ్ళ తరబడి తన ఇంట్లోనే తిరుగుతున్న ఆ మెషీన్ మీటల ముందు వంగి నిలబడి, కాసేపు అటూ ఇటూ చూసి, వెనక్కి తిరిగాడు.

"ఇందులో... ఏం నొక్కాలి?"