పచ్చి రంగు మీద బొట్టు

బండి నా అరచేతిలో పట్టింది. ఇనుప ముక్కంత బరువుంది కానీ ఇనుము కాదు, ఏదో పోత లోహం. పొడవాటి ముక్కు, పొట్టి వెనక భాగం, రెండే తలుపులు. వెనక చక్రాల మీద రేకు ఎద్దు తొడల్లా ఉబ్బి ఉంది. అమెరికాలో వయసు పిల్లలు ఇట్లాంటి బండ్లు నడుపుతారట. దాని ఒంటినిండా ఒకటే వంగపండు రంగు. దీపాలకూ అదే, బంపర్లకూ అదే, ముందు జాలీకీ అదే. రంగు డబ్బాలో ముంచి తీసి ఆరబెట్టినట్టుంది.

"మా తమ్ముడు కువైట్ నుంచి తెచ్చిండు. అక్కడ కుప్పలు పోసి అమ్ముతరంట. సస్తా మాల్," అన్నాడు అవద్ భాయ్.

అవద్ భాయ్‌ది బార్కస్ బస్తీ. ఎవరో నవాబు పాత దేవిడీ కొట్టంలో ఏళ్ల తరబడి మూలపడ్డ ఇట్లాంటి అసలు బండినే కొన్నాడు. బాగుచేయించి పెళ్లి బారాత్‌లకు కిరాయికి తిప్పాలని ఆయన ఆలోచన. సొట్టలు తీయించడం అయిపోయింది. ఇక రంగు పని. చాంద్రాయణగుట్ట చౌరస్తాలో లారీలకు రంగులేసే మా షెడ్డుకు ఆ పని మీదే వచ్చాడు.

"మా బీరయ్య లారీల మనిషి భాయ్. కారుకైతే నాంపల్లిల చూస్కోండి," అన్నాడు షెడ్డు యజమాని బాబురావు. నేను పక్కనే కూర్చుని లారీ వెనక పలకకు నెమలి తోక దిద్దుతున్నాను.

అవద్ భాయ్ ఆ తోక దిక్కు కాసేపు చూశాడు. "గీ చిన్నదాన్ని అసలు బండి లెక్క చేసి చూపియ్యి, బీరయ్యా. ఎర్రగ చెయ్యి. తలుపు తలుపు లెక్క కనబడాలె, దీపం దీపం లెక్క కనబడాలె. దసరా నాడు నీ ఇంటికొస్త. హాత్ మంచిగుంటె పెద్ద బండి నీదే."

"అయిపాయె! లారీకి పూసేటోడు అగ్గిపెట్టెకు పూస్తడా?" అని బాబురావు నవ్వాడు.

నేను బండిని జేబులో వేసుకున్నాను.

ఊళ్లో అయిదో తరగతి దాకా చదివి, అక్షరాలు గుండ్రంగా రాస్తానని ఈ పనిలోకి వచ్చినవాణ్ణి. నేను రాసిన అక్షరాలు లారీల మీద ఎక్కడెక్కడికో పోయి బురద పట్టి, గీరుకుపోయి తిరిగి వచ్చేవి. లారీ రంగును ఎవరూ దగ్గరికొచ్చి చూడరు. కారు రంగులో మనుషులు ముఖం చూసుకుంటారు. ఒక్క కారైనా నా చేతి మీదుగా పోవాలని ఉండేది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నా భార్య చంద్రమ్మకు కూడా.

మా ఇల్లు ఫలక్‌నుమాలో రైలు పట్టాల పక్కన. పొద్దున షెడ్డుకు పోయే ముందు అరుగు మీద వెలుతురు బాగుంటుంది. అక్కడ పని పెట్టుకున్నాను.

మొదట బంపర్‌కు వెండి రంగు వేద్దామనుకున్నాను. నా దగ్గరున్న కుంచెల్లో అన్నిటికంటే సన్నది లారీ నంబర్లు రాసే ఉడుత వెంట్రుకల కుంచె. అది బంపర్‌కంటే లావుగా ఉంది. వెండి రంగు బంపర్ దాటి ఒంటి మీదికి ఎక్కింది. గుడ్డకు థిన్నర్ అద్ది తుడిచాను. వెండితో పాటు వంగపండు రంగు కూడా ఊడి వచ్చింది. ఊడిన చోటు సరిచేద్దామని ఇంకా తుడిచాను. కాసేపటికి బండి తోలు తీసిన మేకలా నిలబడింది.

చంద్రమ్మ చాట పట్టుకుని వచ్చి చూసింది. "ఉన్న రంగు గూడ పోగొట్టినవ్. బొమ్మ ఇచ్చినాయనకు ఏం చెప్తవ్?"

"బొమ్మ కాదది."

"మరేంది? దాంట్ల కూసొని చాంద్రాయణగుట్ట పోతవా?"

పక్కింటి సుందరమ్మ గోడ అవతలి నుంచి అందుకుంది. "నన్ను గూడ ఎక్కించుకోమను చంద్రమ్మా! వెనక సీట్ల కూసుంట."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను థిన్నర్ డబ్బా మూత బిగించాను.

మర్నాడు ఎర్ర రంగు వేశాను. లారీ పనిలో రంగు చిక్కగా ఉండాలి. పలచగా కనబడితే యజమాని గోటితో గీకి తిడతాడు. నా చేతికి అదే అలవాటు. చిక్కగా ఒక పూత, దాని మీద ఇంకో పూత. బండి ఎర్రగా నిండుగా కనబడింది. తెల్లారి లేచి చూస్తే తలుపు లేదు. తలుపుకూ ఒంటికీ మధ్య ఉండే వెంట్రుకంత సందు రంగుతో పూడిపోయింది. తలుపు పిడి కురుపులా ఉబ్బింది. లోపల ఎవరైనా ఉంటే బయటికి రాలేరు.

మళ్లీ థిన్నర్. మళ్లీ గుడ్డ. సందుల్లోది సూదితో తవ్వి తీశాను. సూది జారి వేలికి గుచ్చుకుంది. షెడ్డులో ఎంత పెద్ద పలకైనా ఒక్క పూటలో ముగించే చేతికి, ఇంత ముక్క లొంగలేదు.

మూడోసారి రంగును టర్పెంటైనుతో నీళ్లలా చేశాను. వేస్తే కింది లోహం కనబడింది. ఎండనిచ్చి ఇంకో పూత. ఇంకోటి. ఈ పని చూస్తే బాబురావు నన్ను షెడ్డులోంచి వెళ్లగొట్టేవాడు. గూడ్సు బండి వచ్చినప్పుడల్లా అరుగు అదిరి కుంచె పక్కకు పోయేది. కూత వినగానే కుంచె ఎత్తడం నేర్చుకున్నాను. దుమ్ము పడకుండా బండి మీద ఇత్తడి గిన్నె బోర్లించాను.

"నా గిన్నె యాడున్నది?"

"ముట్టకు."

"పప్పు దేంట్ల వండాలె? నీ బొమ్మ తలకాయల వండాలెనా?"

ఆ పూట పచ్చడితో తిన్నాం.

షెడ్డుకు పోతే బాబురావు ఉండబట్టలేక అడిగాడు. "ఏం బీరయ్యా, కారు తయారైందా? మేం బస్సులనే తిరుగుతున్నం, జర మమ్ముల గూడ చూడు." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "నీతోని కాకుంటె అని నాంపల్లిల కార్ల రంగులాయనకు మాటేసి ఉంచిన. దసరాకు అటోఇటో తేలుతది. నువ్వు ఫికర్ పెట్టుకోకు."

ఫికర్ పెట్టుకోవద్దని ఆయన అన్నప్పుడే పెరిగింది.

జాలీ నన్ను ఇంకా సతాయించింది. ముందు వైపు అడ్డంగా సన్నని గీతలు, గీతల మధ్య పల్లాలు. పల్లాల్లో నలుపు పడాలి, గీతల మీద పడకూడదు. కుంచె దూరలేదు. చీపురు పుల్ల కొనను బ్లేడుతో చెక్కి దాంతో పెట్టబోతే కొన విరిగి పల్లంలో ఇరుక్కుంది. దాన్ని తీయడానికే ఒక పొద్దు పోయింది. బండిని పట్టాల మీదికి విసిరేద్దామనిపించింది.

పండుగ దగ్గరపడ్డదని చంద్రమ్మ వాకిట్లో ఇత్తడి సామాన్లు చింతపండుతో తోముతోంది. దీపం కంబానికి చుట్టూ చెక్కిన వరసలున్నాయి. వరసల పైభాగం బంగారంలా మెరుస్తోంది. సందుల్లో ఏళ్లనాటి నలుపు అట్లాగే ఉంది.

"గీ సందులల్ల మడ్డి ఎంత తోమినా పోదు. పీడ," అని తిట్టుకుంది.

నేను చూస్తూ ఉండిపోయాను.

"ఏందట్ల చూస్తున్నవ్ నా దీపం దిక్కు?"

"ఏం లేదు."

నల్ల రంగును నీళ్లలా కలిపి జాలీ మీద మొత్తం పోశాను. వేలికి గుడ్డ చుట్టి పైపైన ఒక్కసారి తుడిచాను. గీతలు తేటపడ్డాయి. నలుపు పల్లాల్లోనే మిగిలింది. అదే నలుపును తలుపు సందులోకి వదిలితే తలుపు మళ్లీ తెరుచుకునేదానిలా కనబడింది. ముందు దీపాలకు తెల్ల చుక్క, ఆరాక దాని మీద వార్నీష్ బొట్టు. వెనక దీపాలకు ఎరుపు. చక్రాలు కొత్త గాజుల్లా మెరుస్తుంటే గరుకు కాగితంతో రుద్ది ఆ మెరుపు చంపాను. దారిలో తిరిగే టైరు ఎక్కడా మెరవదు.

మిగిలింది బంపర్. వెండి రంగు వేస్తే బియ్యం డబ్బా రేకులా పాలిపోయి కనబడుతోంది. అసలు బండి బంపర్ అద్దంలా ఉంటుంది. చార్మినార్ దగ్గర వరఖ్ కొట్టేవాళ్లు గుర్తొచ్చారు. మిఠాయి మీద వేసే వెండి రేకు. పోయి అడిగాను.

"మిఠాయీ కీ దుకాన్ హై క్యా?" అన్నాడు ముసలాయన సుత్తి ఆపకుండా.

"కాదు భాయ్. బండికి."

సుత్తి ఆగింది. "బండికి వరఖా? కైకు మియా, బండిని తినేదున్నదా?" పక్కవాడికి కూడా చెప్పి నవ్వాడు. అయినా కాగితాల మధ్య పెట్టి ఇచ్చాడు.

మొదటి రేకు నా ఊపిరికే లేచి మీసానికి అంటుకుంది. రెండోది వేళ్ల మీద పడి చర్మంలో కలిసిపోయింది. చంద్రమ్మ చూసింది. "గీ బొమ్మకు నీ మీసం నెరిసిపాయె," అంది. ఆఖరికి బంపర్‌కు వార్నీష్ రాసి, అది బెల్లం పాకంలా జిగటయ్యేదాకా ఆగి, ఊపిరి బిగబట్టి, రేకును కాగితంతో సహా దించి దూదితో అద్దాను. బంపర్ వెలిగింది. నా బొటనవేలు అందులో కనబడింది.

అది పండుగ ముందటి రోజు. ఎర్ర రంగు ఆఖరి పూత ఆ ముందు రోజే వేశాను. పైన ఆరినట్టే ఉంది. లోపల పచ్చి ఉంటుందని తెలుసు కానీ, లారీ పనిలో దానికి పట్టింపు లేదు. లారీ పొద్దున బయలుదేరుతుంది, దారిలో గాలికి ఎండుతుంది.

దసరా పొద్దున షెడ్డులో పూజకు పోయాను. బాబురావు లారీల ముందు గుమ్మడికాయ కొట్టాడు. కొబ్బరి ముక్క తీసుకుని మధ్యాహ్నానికి ఇంటికొచ్చాను.

అరుగు కడిగి ముగ్గేసి ఉంది. నా సైకిలు, కడిగి కట్టగట్టిన కుంచెలు, నిచ్చెన, రంగు డబ్బాలు, చంద్రమ్మ కత్తిపీట, రోకలి, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. అన్నిటి ముందు పీట మీద బండి. ముక్కు మీద పసుపు, మధ్యలో కుంకుమ, వెనక బంతిపూవు రెక్క. పెద్ద బండ్ల చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. దీని చక్రాల కింద నిమ్మ గింజలు పెట్టింది.

బంపర్ మీద వరఖ్ లేదు.

"ఏం జేసినవే?"

"కడిగిన. కడగకుండ బొట్టు పెడ్తరా?"

"ఎవరు పెట్టమన్నరు?"

"బండికి దసరా నాడు బొట్టు పెట్టుమని ఒకరు చెప్పాల్నా? నీకు పని దొరకాలెనని మొక్కిన గూడ." ఆమె గొంతు మారింది. "ముట్టొద్దని నువ్వు ఏనాడన్న నోరు తెరిచి చెప్పినవా?"

ముట్టకు అన్నాను, గిన్నె గురించి. బండి గురించి అనలేదు.

సుందరమ్మ మనవడి రేకు బస్సు మా అరుగు చివరే పడి ఉంది. దానికి బొట్టు లేదు.

కుంకుమ తుడిస్తే పోయింది. పసుపు పోలేదు. ఎరుపులోకి దిగి నారింజ మరకయ్యింది. మరక మధ్యలో చంద్రమ్మ వేలి ముద్ర. గీతలతో సహా పచ్చి రంగులో దిగిపోయింది. చార్మినార్ దాకా పోయి వరఖ్ తెచ్చి, వార్నీష్ జిగటయ్యేదాకా ఆగి అద్దడానికి పొద్దు చాలదు. ఇక చేసేదేమీ లేక బండి ముందు కూర్చున్నాను.

సాయంత్రానికి అవద్ భాయ్ వచ్చాడు. బండిని కళ్ల దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"బంపర్ ఏమైంది?"

"వరఖ్ పెట్టిన. పోయింది."

"వరఖ్?" గట్టిగా నవ్వాడు. "అరె బీరయ్యా, పెద్ద బండి బంపర్లు నికెల్ పూసేటాయన కాడికి పోయినయ్. అవి నీ పనేనా? నేను చూస్తనన్నది నీ రంగు."

నా మీసం మీద పోయిన రేకు గుర్తొచ్చింది.

ఆయన తలుపు సందు వెంట గోరు నడిపాడు. "యే అచ్ఛా హై." జాలీని వెలుతురుకు పట్టి చూసి తల ఊపాడు. తర్వాత ముక్కు మీదికి వచ్చాడు. "ఇదేంది?"

చంద్రమ్మ కొంగు సర్దుకుని గడప దగ్గర నిలబడింది. "నా వేలు భాయ్. బండి గదా అని బొట్టు పెట్టిన."

అవద్ భాయ్ ఆమెను చూసి నవ్వాడు కానీ, నా వైపు తిరిగేసరికి ఆ నవ్వు లేదు. "పచ్చిగున్నది. రేపు నా బండి మీద పెళ్లికొడుకు చెయ్యి పెడ్తడు. చెయ్యి గిట్ల దిగితే? నాంపల్లి ఆయన రంగేసి కొట్టానికి తాళమేస్తడంట. ఎండిందాక తీయడంట."

ఆయన అన్నది నిజం.

ఆయన గడ్డం గోక్కున్నాడు. "డిక్కీ మూత పంపిస్త. ఒక్క మూత. చేసి చూపియ్యి."

"పెద్ద బండి?"

"మూత పెద్ద బండిదే గద. మిగిలిన మాట తర్వాత."

లేచి పోతుంటే చిన్న బండి చేతికి ఇవ్వబోయాను. వద్దన్నాడు. "నీ దగ్గరనే ఉంచు. బొట్టు పెట్టిన బండిని ఇంట్లకెల్లి తీస్కపోతరా?"

మూత రిక్షాలో వచ్చింది, గోనెసంచి చుట్టుకుని. మా మంచమంత ఉంది. బాబురావు చూసి "మూతొచ్చింది, మరి బండి నడిచొస్తదా?" అన్నాడు. షెడ్డులో దుమ్ము ఎక్కువని ఇంటికే తెచ్చి గోడకు ఆనించాను. లప్పం పెట్టి, రుద్ది, మళ్లీ పెట్టి, మళ్లీ రుద్ది, పలచటి పూతలు మొదలుపెట్టాను. దీని మీద బోర్లించడానికి ఏ గిన్నే చాలదు. కప్పడానికి పాత చీర అడిగితే చంద్రమ్మ తెచ్చి ఇచ్చింది.

ఆఖరి పూత వేస్తుంటే ఆమె చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడింది.

"అయిందా?"

"కాలేదు."

"మెరుస్తున్నది గద."

"పైన ఆరుతది. లోపల పచ్చిగుంటది. బాగ ఎండాలె. అందాక నువ్వు ముట్టొద్దు, నేను ముట్టొద్దు. ఎండినంక నీ ఇష్టమున్నన్ని బొట్లు పెట్టుకో."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గింత ముచ్చట అప్పుడే చెప్పకపోతివి?"

గూడ్సు బండి కూత వినబడింది. నేను కుంచె ఎత్తి పట్టుకున్నాను.